ముఖం చూడని సాక్షి

గూడూరు స్టేషను రోడ్డులో, టిఫిన్ సెంటరు పైఅంతస్తులో ఉన్న ఆ చిన్న ఆఫీసుకు వచ్చిన మనిషి కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోయింది. కూర్చోమంటే కూర్చుంది. అంతలోనే లేచి కిటికీ దగ్గరికి పోయింది. గోడ గడియారం వంక చూసి, మళ్ళీ వచ్చి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుంది.

"మూడు గంటల దాకానే గడువుండాదంట సార్," అంది నరేంద్రబాబుతో. "ఆలోపల నేను అమ్ముడుబోలేదని మీరు తేల్చాల. లేకుంటే పొద్దు గూకేతలికి మా ఇంటిల్లిపాదినీ వెలేస్తారు."

"డిటెక్టివ్ నేను కాదమ్మా, ఆవిడ," అంటూ అతను బల్ల వెనక ఉన్న కామాక్షిని చూపించాడు.

ఆ మాట అనే అవకాశం దొరికినప్పుడల్లా నరేంద్రబాబుకు లోలోపల పండగే. పెళ్ళయి నలభై రోజులు. సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్పే అతను, పగటిపూట భార్యకు అసిస్టెంటుగా తనను తానే నియమించుకున్నాడు. ఫైళ్ళ మీద తేదీలు వేయడం, కాఫీ కలపడం, ఆవిడ ఆలోచిస్తూ పెన్ను మూత కొరుకుతుంటే చూస్తూ ఉండిపోవడం అతని ఉద్యోగం. ఆ ఉదయమే ఆవిడ చేతిని కాఫీ గ్లాసు మీద నుంచి లాక్కుని, గోరు పక్కన స్కేలు పెట్టి కొలిచాడు. "చూడు! పెళ్ళినాటి గోరింటాకు అరచేతిలో పదిహేను రోజులకే పోయింది. గోళ్ళ మీది ఎరుపు మాత్రం పోదు, గోరుతో పాటు పైకి జరుగుతుంది. కింద నాలుగు మిల్లీమీటర్లు తెల్లగా వచ్చేసింది."

"మీ పరిశోధన పూర్తయితే కాఫీ తాగుతాను," అందావిడ, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోకుండా.

ఇప్పుడు అదే చేత్తో కాగితం ముందుకు జరుపుకుని, "కూర్చోండమ్మా. మొదటి నుంచి చెప్పండి," అంది.

వచ్చినామె పేరు గురవమ్మ. నలభై అయిదు దాటి ఉంటాయి. సముద్రం ఒడ్డున ఉన్న చాటుతిప్ప ఆమె ఊరు. వెంట కొత్తకోడలు రోజారమణి వచ్చింది. ఆ పిల్ల మెడలో నల్లపూసల మెరుపు ఇంకా తగ్గలేదు. తనలాంటి కొత్త పెళ్ళివాళ్ళు ఎక్కడ కనబడినా నరేంద్రబాబుకు చుట్టాలు దొరికినట్టుంటుంది. గబగబా మంచినీళ్ళు అందించాడు. రోజారమణి కొంగు చివరను వేళ్ళ మీదికి లాక్కుని, గుడ్డతోనే గ్లాసు పట్టుకుని గటగటా తాగేసింది.

"ఎంత తియ్యగా ఉండాయో," అంది అత్తతో, నెమ్మదిగా.

"ఈ నీళ్ళ కోసరమే గదమ్మా ఈ తిప్పలన్నీ," అని గురవమ్మ మొదలుపెట్టింది.

చాటుతిప్పలో మూడు తరాలు తాగింది చెలమ నీళ్ళే. దిబ్బ పక్కన ఇసకలో చేత్తో తవ్వితే ఊరే తీపినీళ్ళు. నాలుగేళ్ళ కిందట అప్పటి సర్పంచి విజయభాస్కర్ దాని పక్కనే రొయ్యల గుంటలు వేశాడు. చెలమ ఉప్పెక్కింది. కుప్పం అని పిలిచే జాలరిపేటలో చేపలు పట్టేవాళ్ళకు తాగే నీళ్ళు పోయాయి. ఊళ్ళో వరి పండించేవాళ్ళ చేలు చవుడు తేలాయి. ఈసారి సర్పంచి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. విజయభాస్కర్ తన భార్య భానుప్రియ చేత నామినేషన్ వేయించాడు. పోటీగా గురవమ్మ వేసింది. గెలిస్తే మొదటి గ్రామసభలోనే ఆ గుంటలు మూయించే తీర్మానం పెడతానంది. కుప్పమూ ఊరూ రెండూ ఆమె వెనకే నిలిచాయి.

"నిన్న మధ్యాన్నం నేను పోటీలో నించి తప్పుకుంటా ఉండానని ఆఫీసులో కాగితం ఇచ్చినారంట. దాని మీద నా యేలిముద్ర ఉండాదంట. నేను ముద్ర ఎయ్యలేదమ్మా, కాగితం ఇయ్యలేదు! తీసకపొయ్యి ఇచ్చింది మా బావ ముత్యాలయ్య."

"మీ భర్తకు అన్న?"

"ఆఁ. నా నామినేషన్‌లో నన్ను ప్రతిపాదించింది కూడా ఆయనే."

"ఆయన అబద్ధం చెప్తున్నాడంటారా?"

"చెప్పడు. అదే గదమ్మా నా కర్మ!" గురవమ్మ మళ్ళీ లేచింది. "ఆయన నోట అబద్ధం వచ్చిందని కుప్పంలో ఒక్కరు గూడా అనరు. 'నా మరదలే తెల్లారతా ఉండంగా నా చేతికిచ్చింది' అని సముద్రం మీద ఒట్టేసి చెప్తా ఉండాడు. ఆయన మాట నిజమైతే నేను విజయభాస్కర్‌కు అమ్ముడుబోయినట్టే గదా? సాయంత్రం కాపులు, అదే మా కుప్పం పెద్దలు, పంచాయితీకి కూచుంటారు. వెలేస్తే మా వాళ్ళను ఏ పడవా ఎక్కించుకోదు. నిప్పు అడిగినా ఇయ్యరు."

"నిన్న తెల్లవారుతుండగా మీరెక్కడున్నారు?"

"దూరం దిబ్బ కాడికి నీళ్ళకు పోయినా. ఒక్కదాన్నే."

"ఇంట్లో మగవాళ్ళు?"

"నా పెనిమిటి మద్రాసు బోటు మీద ఉండాడు. నా కొడుకు వినోద్ ఈణ్ణే ఉండె. పది దినాల కిందట ఉన్నట్టుండి వాళ్ళ నాయన కాడికి ఎళ్ళిపోయినాడు. పెండ్లయి నాలుగు నెల్లు నిండలేదు, ఈ పిల్లను ఇడిచిపెట్టి పోతాడా ఎవుడన్నా?"

రోజారమణి తల వంచుకుంది. నరేంద్రబాబుకు ఆ వినోద్ మీద నిజంగానే కోపం వచ్చింది.

కామాక్షి పెన్ను మూత పెట్టేసింది. "పదండి. ఏవండీ, స్కేలు కూడా తీసుకోండి," అంది.

చిల్లకూరు దాటి తూర్పుకు తిరిగిన దగ్గర్నుంచి ఆటోలో ఎవరూ కుదురుగా లేరు. గురవమ్మ నిమిషానికోసారి టైమెంతని అడుగుతోంది. సరుగుడు తోపులు అయిపోగానే గాలిలో ఉప్పు తెలిసింది, ఆ వెనకే గుంటల్లో తిరిగే మిషన్ల చప్పుడు. ఒకచోట గట్టుకు కొత్త మట్టి వేసి పూడ్చిన గుర్తు కనబడింది.

"అదేంటి?" అంది కామాక్షి.

"పది దినాల కిందట ఎవుడో తెగ్గొట్టినాడు మేడం," అన్నాడు ఆటో డ్రైవరు బెన్హర్. "విజయభాస్కరన్న రొయ్యంతా కాలవ పాలయిపోయింది."

"పోలీసులొచ్చారా?"

"రాలా. ఆయన కేసే పెట్టలా. చెయ్యి తగిలితేనే కేసు పెట్టే మనిషి! మాకూ వింతగానే ఉండాది."

రోజారమణి కొంగులోంచే ఆటో కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకుంది. నరేంద్రబాబు ఆ పిల్లకు ఆటో పడలేదేమో అనుకుని, జేబులో ఉన్న నిమ్మకాయ ఇచ్చాడు.

పంచాయతీ ఆఫీసులో ఎన్నికల అధికారి రెండు ఫోన్ల మధ్య నలిగిపోతున్నాడు. మంచివాడే, కానీ భయస్థుడు. గురవమ్మ ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ప్రతిపాదించిన మనిషే స్వయంగా తెచ్చాడు మేడం. 'మా మరదలు ఇమ్మంది' అన్నాడు. నేనింకేం చెయ్యను?"

ఉపసంహరణ కాగితం మూల ఎర్ర సిరాతో '2' అని అంకె ఉంది. కింద వేలిముద్ర. నరేంద్రబాబు ముచ్చటపడ్డాడు, గీతలన్నీ సన్నటి అలల్లా ఒకదాని వెనక ఒకటి ఎంత స్పష్టంగా ఉన్నాయో. కామాక్షి దాని పక్కన నామినేషన్ కాగితం పెట్టింది. అందులో గురవమ్మ వేలిముద్ర ఉండాల్సిన చోట నల్లటి మచ్చ మాత్రమే ఉంది.

"ఇక్కడ సిరా ఎక్కువైంది," అన్నాడు అధికారి.

"ఈ ఎర్ర అంకె ఏమిటి?"

"ఖాళీ ఫారాలు తక్కువ ఉన్నాయి. అందుకని నంబరు వేసి, సంతకం తీసుకుని ఇస్తున్నాను."

రిజిస్టరులో ఇప్పటిదాకా ఒకే సంతకం ఉంది. మొన్న సాయంత్రం విజయభాస్కర్ రెండు ఫారాలు తీసుకున్నాడు. భార్య నామినేషన్ చెల్లకపోతే పనికొస్తుందని వేయించిన డమ్మీ అభ్యర్థిని తప్పించడానికట. ఆ డమ్మీ అభ్యర్థి నిన్న ఉదయమే తప్పుకుంది. ఆమె కాగితం మీద '1' అని ఉంది.

కామాక్షి రిజిస్టరు మూసింది. "గురవమ్మగారూ, ఈ తెల్లకాగితం మీద ఒకసారి వేలు వెయ్యండి," అంది.

గురవమ్మ సిరా తుడిచి తుడిచి పలచగా అద్ది, జాగ్రత్తగా వేసింది. మళ్ళీ నల్లటి మచ్చే. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"మాకు యేలిముద్రలు యాడుండాయమ్మా? పన్నెండేళ్ళుగా షెడ్డులో ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలస్తా ఉండా. గీతలన్నీ అరిగిపోయినయి. రేషను మిషను మా యేళ్ళను పట్టదు, కన్ను చూసి బియ్యం ఇస్తారు. షెడ్డుకు పోయే ఆడోళ్ళందరిదీ ఇదే కత. మా ఇంట్లో ఆ పని నాతోనే ఆఖరని ఒట్టేసుకున్నాలే."

"అయితే ఈ కాగితం దొంగది!" అన్నాడు నరేంద్రబాబు.

అధికారి నుదురు తుడుచుకున్నాడు. "నాకూ అనుమానం వస్తోంది సార్. కానీ సిరా చాల్లేదు, ఎక్కువైంది అని రేపు ఎవరైనా వాదిస్తారు. కాగితం గురవమ్మే ఇచ్చిందని ప్రతిపాదకుడు చెప్తున్నాడు. ఆ మాట మారితే తప్ప నా చేతుల్లో ఏమీ లేదు. మూడింటికి అభ్యర్థుల తుది జాబితా మీద సంతకం పెట్టాలి."

అప్పటికే పదకొండున్నర.

ముత్యాలయ్య ఒడ్డున బోర్లించిన పడవ నీడలో వల బాగు చేసుకుంటున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. రాత్రి నిద్రపోయినట్టు లేదు. గురవమ్మ దూరంగా, ఇంకో పడవ అవతల ఆగిపోయింది.

"నా మరదలే ఇచ్చిందమ్మా," అన్నాడు వలలోంచి తల ఎత్తకుండా. "నీలం చీర. షెడ్డుకు కట్టుకొని పొయ్యే చీరే అది. నాకు తెలియదా?"

"ముఖం చూశారా?"

అతని చేతులు ఆగిపోయాయి. అడగకూడని మాట అడిగినట్టు కామాక్షి వంక చూశాడు. "తమ్ముడి పెండ్లాం ముఖం నేను చూసేదేంది తల్లా? ఇరవై ఆరేళ్ళయింది ఆ బిడ్డ మా ఇంటికొచ్చి. నేను పోతే ఆమె తలుపు చాటుకు పోతాది. ఆమె వస్తే నేను తల దించుకుంటా. ఏదన్నా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు చెప్తాది. నేను ఇంటా. మా పెద్దోళ్ళు పెట్టిన మర్యాద అది."

"మరి ఎలా గుర్తుపడతారు?"

"కాళ్ళను బట్టి. చేప ముల్లు దిగి ఆమె ఎడం కాలి బొటనవేలు వంకరపోయింది. ఆ వేలు కనపడితే నేను పక్కకు తొలగతా."

"నిన్న ఆ వేలు కనబడిందా?"

ముత్యాలయ్య వలను పక్కకు పెట్టాడు. అలలు రెండు వచ్చి వెనక్కి పోయాయి. "లేదు," అన్నాడు చివరికి. "ఈ పడవకు అవతల నిలబడింది. కాళ్ళు కనపళ్ళా. గాజులు గలగలమనిపించి, పడవ మీద నుంచి చెయ్యి చాపింది. నామినేషనప్పుడు గూడా మూడు దఫాలు కాగితాలు మోసినా. నాకు చదువు రాదు. ఇదీ అట్టాంటిదే అనుకొని తీసకపోయి ఇచ్చినా."

"చెయ్యి చూశారు కదా. ఎలా ఉంది?"

అతను కళ్ళు మూసుకున్నాడు. "గాజులు... ఆకుపచ్చవి. గోళ్ళు ఎర్రగా ఉండాయి."

"గోరంతా ఎరుపేనా?"

"గాదు గాదు. కొసల్లోనే, సన్నంగా. గోరు కత్తిరిస్తే పోయేంత."

కామాక్షి లేచి చీర కుచ్చెళ్ళలోని ఇసక దులుపుకుంది. ఆవిడ కళ్ళలో మెరుపు చూడగానే నరేంద్రబాబు గబగబా వెంట నడిచాడు.

"భానుప్రియే!" అన్నాడు దారిలో, గుసగుసగా. "షెడ్డులో పని చెయ్యదు కాబట్టి వేలిముద్ర బాగా పడుతుంది. ఫారం మొగుడి దగ్గరుంది. గోరింటాకు కూడా ఉంటే ఇక తిరుగు లేదు."

"పోయి చూద్దాం," అంది కామాక్షి. నవ్వు ఆపుకుంటోందని అతనికి తెలిసింది గానీ ఎందుకో తెలియలేదు.

విజయభాస్కర్ వసారాలో చల్లటి మజ్జిగ వచ్చింది. తెచ్చిన భానుప్రియ చేతులు చూసి నరేంద్రబాబు గ్లాసు అందుకోవడం మరిచిపోయాడు. అరచేతుల నిండా, గోళ్ళ మీద కొసల నుంచి మొదళ్ళ దాకా ఎర్రగా పండిన గోరింటాకు.

"ఎంత బాగా పండిందండీ! ఎప్పుడు పెట్టుకున్నారు?" అడిగింది కామాక్షి.

"పోయిన శుక్రవారం. ఓట్లడిగేటప్పుడు ఎర్రటి చేతులు కళగా ఉంటాయని మా అక్క పెట్టింది," అంది భానుప్రియ సంబరంగా. ఆ సంబరంలో దాపరికమేమీ లేదు.

విజయభాస్కర్ పడక కుర్చీలో వెనక్కి వాలాడు. "ఓడిపోతానని తెలిసి తప్పుకుంది. ఇప్పుడు కుప్పపోళ్ళకు భయపడి నాటకమాడతా ఉంది. దానికి గూడూరు నుంచి డిటెక్టివులా? ఏం సార్, ఇంట్లో గూడా ఈమే ప్రశ్నలడగతాదా?"

"అవునండీ. జవాబులు చెప్పుకోవడం నాకు అలవాటైపోయింది," అన్నాడు నరేంద్రబాబు.

"మీ గట్టు తెగ్గొట్టిన వాడి మీద కేసు పెట్టలేదేం?" అంది కామాక్షి.

విజయభాస్కర్ చెయ్యి జేబులో ఉన్న ఫోను మీదికి పోయి, ఆగింది. "పోన్లే అనుకున్నా. నా మనసు పెద్దదిలే మేడం."

"రెండింటికి పంచాయతీ ఆఫీసుకు రండి. ఇద్దరూ."

రెండింటికల్లా ఆఫీసు హాలు నిండిపోయింది. ఒకవైపు కుప్పం కాపులు, ఇంకోవైపు ఊరి రైతులు. గోడవారగా ముత్యాలయ్య తల దించుకుని నిలబడ్డాడు. ఫ్యాను తిరుగుతున్నా అందరికీ చెమటే. బల్ల మీద జాబితా, దాని పక్కన అధికారి పెన్ను, పైన గడియారం. గురవమ్మ ఆ మూడింటినీ మార్చి మార్చి చూస్తోంది.

కామాక్షి గొంతు పెంచలేదు.

"గురవమ్మగారు అబద్ధం చెప్పలేదు. ముత్యాలయ్యగారూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ నిజం చెప్తున్నారంటే, ఆయన చేతికి కాగితం ఇచ్చింది ఇంకెవరో. ఆ మనిషి గురవమ్మగారి నీలం చీర కట్టుకుంది. ముత్యాలయ్యగారు మరదలి ముఖం చూడరని తెలుసు. కాళ్ళు చూస్తారనీ తెలుసు, అందుకే పడవ చాటున నిలబడింది. మాట్లాడితే గొంతు దొరికిపోతుందని గాజులు ఆడించింది. బయటివాళ్ళకు ఇవన్నీ తెలుస్తాయా?"

కాపులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఇక కాగితం. దాని మీద నంబరు రెండు. ఆ ఫారం తీసుకుంది విజయభాస్కర్‌గారు. రిజిస్టరులో సంతకం ఉంది."

"ఎక్కడో పడిపోయింది," అన్నాడు విజయభాస్కర్. "ఎవరో ఏరుకున్నట్టున్నారు."

"సరే. దాని మీద వేలిముద్ర చూద్దాం. షెడ్డుకు పోయే ఆడవాళ్ళెవరి వేళ్ళకూ ఇంత చక్కటి గీతలు లేవు. ముత్యాలయ్యగారు ఇంకో సంగతి చెప్పారు. గోళ్ళ కొసల్లో సన్నటి ఎరుపు. మావారు భానుప్రియగారే అనుకున్నారు."

అందరూ తనవైపు తిరిగేసరికి నరేంద్రబాబు స్కేలును వీపు వెనక దాచుకున్నాడు.

"భానుప్రియగారి గోళ్ళు మొదళ్ళ దాకా ఎరుపే. పెట్టుకుని వారమైనా కాలేదు. ఆమె చెయ్యి కాదు. ఇదిగో, నా చెయ్యి చూడండి." కామాక్షి చెయ్యి చాపింది. "పెళ్ళినాటి గోరింటాకు. నలభై రోజులు. కింద ఇంత తెల్లగా వచ్చిందని పొద్దునే మావారు కొలిచి చెప్పారు. కొసలో మాత్రమే ఎరుపు మిగలాలంటే మూడు నెలలు దాటాలి. నాలుగు నెలలు నిండితే అదీ ఉండదు. మూడు, నాలుగు నెలల మధ్య పెళ్ళయి, షెడ్డుకు పోకుండా, గురవమ్మగారి చీర అందుబాటులో ఉండి, ఆ ఇంటి మర్యాదలు తెలిసిన మనిషి ఎవరు?"

నరేంద్రబాబుకు కొంగుతో పట్టుకున్న నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. ఆటో కమ్మీ గుర్తొచ్చింది. తనకు తెలియకుండానే అతను రోజారమణి వంక చూశాడు.

ఆ పిల్ల కొంగులోంచి చేతులు బయటికి తీసింది. ఆకుపచ్చ గాజులు. పది గోళ్ళ కొసల్లో పది ఎర్రటి గీతలు.

"నేనే అత్తా," అంది. "గట్టు తెగ్గొట్టింది మీ కొడుకే. బిందె నిండా ఉప్పునీళ్ళు తెచ్చి నేనేడిస్తే చూళ్ళేక పొయ్యి తెగ్గొట్టినాడు. అది ఈయన వీడియో తీసి నాకు ఫోన్లో చూపిచ్చినాడు." విజయభాస్కర్ వైపు వేలు చూపింది. "మీ అత్త తప్పుకోకుంటే నీ మొగుణ్ణి జైల్లో ఏపిస్తానన్నాడు. ఫారం ఆయనే రాసి ఇచ్చినాడు. భయమేసి మీ కొడుకును మామ కాడికి పంపిచ్చేసినా. ఆయన లేకుండా నేను..."

పెళ్ళయి నాలుగు నెలలు కాని ఆ పిల్ల భయమెంతదో ఆ హాల్లో నరేంద్రబాబుకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థమై ఉండదు.

"ఇప్పుడు పెడతా చూడండి కేసు!" విజయభాస్కర్ లేచాడు.

"పెట్టుకో," అంది గురవమ్మ. పొద్దుట్నుంచి ఒకచోట నిలవని మనిషి ఇప్పుడు కదలకుండా నిలబడింది. "నా కొడుకు చేసింది తప్పే. తెగిన గట్టుకు వాడు జవాబు చెప్తాడు. ఉప్పెక్కిన చెలమకు నువ్వు చెప్పు. బిడ్డను బెదిరించి నా పేరు మాపినదానికి గూడా నువ్వే చెప్పు."

రైతుల వైపు నుంచి ఎవరో "బాగా అడిగినావు అక్కా" అన్నారు. భానుప్రియ తన ఎర్రటి చేతులను చూసుకుని, మొగుడి వంక చూడకుండా బయటికి నడిచింది. ఒక్క క్షణం ఆగి విజయభాస్కర్ కూడా ఆమె వెనకే పోయాడు.

గురవమ్మ కోడలి దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి అందుకుంది. కొడుతుందేమో అనుకున్నారు అందరూ. బొటనవేలు తిప్పి వెలుతురులో చూసింది. "ఈ గీతలు ఉండాలనే గదా నిన్ను షెడ్డుకు పంపలా," అంది. "దీన్ని తెచ్చి నా మీదే ఏస్తివి గదా మే." కోపంగానే అంది గానీ చెయ్యి వదల్లేదు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. గడియారంలో రెండూ నలభై.

"ఈ అమ్మాయి మాట రాసుకుంటాను. పైకి నివేదిక కూడా పంపుతాను. కానీ ప్రతిపాదకుడు నాకు చెప్పాలి. ముత్యాలయ్యా, కాగితం ఇచ్చింది ఈ గురవమ్మేనా?"

గురవమ్మ చెయ్యి చాపింది. ఐసుకు తెల్లబారి, పగుళ్ళు తేలి, గోళ్ళు సగం తిన్నట్టున్న చెయ్యి. ముత్యాలయ్య వంచిన తల ఎత్తకుండానే ఆ చేతిని చూశాడు. "ఈ చెయ్యి గాదు సార్."

"అలా కుదరదయ్యా. కాగితం మీద నేను చెయ్యి పేరు రాయలేను. మనిషిని చూసి చెప్పాలి. ముఖం చూసి."

ఒక ముసలి కాపు అభ్యంతరం చెప్పబోయి, ఎందుకో మానుకున్నాడు. గురవమ్మ అలవాటుగా కొంగు ముందుకు లాక్కుంది. ముత్యాలయ్య నేలను చూస్తూనే మాట్లాడాడు.

"ఇరవై ఆరేళ్ళు తల దించుకున్నా. ఇంకెవురో వచ్చి నీ మాదిరిగా నిలబడినా తెలుసుకోలేకపోయినా. మర్యాద అనుకున్నా. నా మర్యాదే నిన్ను దొంగను చేసింది."

గురవమ్మ కొంగు వదిలేసింది. అది భుజం మీదికి జారింది.

ముత్యాలయ్య తల ఎత్తాడు. నెమ్మదిగా, బరువు ఎత్తినట్టు. నరేంద్రబాబు పక్కకు తిరిగి కామాక్షి ముఖం చూశాడు. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడొచ్చన్న సంగతి అతనికి ఆ క్షణంలో కొత్తగా తోచింది.

"ఈమె నా మరదలు గురవమ్మ," అన్నాడు ముత్యాలయ్య, ఒక్కో మాటా తూచి పలుకుతూ. "నాకు కాగితం ఇచ్చింది ఈమె గాదు."

అధికారి పెన్ను తీసి ఉపసంహరణ కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. జాబితాలో రెండో పేరు రాయడం మొదలుపెట్టాడు. రెండూ యాభై రెండు.

ముత్యాలయ్య ఇంకా చూస్తూనే ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, వాటి వెనక ఏదో ఆశ్చర్యం.

"ముక్కుపుడక ఎప్పుడు కుట్టించుకున్నావు మే?"

గురవమ్మ గోడ వైపు తిరగలేదు. తలుపు చాటు వెతకలేదు. "మీ తమ్ముడు కుట్టించి పద్దెనిమిదేళ్ళయింది బావా," అంది, నేరుగా అతని ముఖంలోకి చూసి.